పనిలేని ఎముక

"అదో ఎక్స్‌ట్రా ఎముక లే బాబాయ్, తీసేసినా ఏం కాదు."

2022లో ఆపరేషన్ ముందు రోజు ఈ ముక్క అన్నది నేనే. గుట్కా పుణ్యమా అని మా బాబాయికి కింది దవడలో కాన్సర్ వచ్చింది. దవడ ఎముక చాలావరకు తీసేసి, కాలి ఎముకతో కొత్తది కడతామన్నారు డాక్టర్లు. రాత్రంతా నెట్‌లో చదివేసి, ఇంట్లో అందరికంటే నాకే ఎక్కువ తెలుసన్న ధీమాలో ఉన్నా. ఇంజనీర్లం కదా మరి!

"పనిలేని ఎముకైతే దేవుడెందుకు పెట్టాడ్రా?" అన్నాడు బాబాయ్. నవ్వేసి ఊరుకున్నా.

మోకాలి కింద రెండు ఎముకలుంటాయి. లావుగా ఉండేది టిబియా, ఒంటి బరువులో ఎక్కువ భాగం అదే మోస్తుంది. బయటివైపు పుల్లలా ఉండేది ఫిబ్యులా. 1989లో అమెరికాలో హిడాల్గో అనే సర్జన్ దీంతో దవడ కట్టే పద్ధతిని ప్రచురించాడు. ఎముకని దాని రక్తనాళంతో సహా తీసి, ముక్కలుగా కోసి, దవడ వంపు వచ్చేలా ప్లేట్లు, స్క్రూలు బిగిస్తారు. ఆ నాళాన్ని మైక్రోస్కోపు కింద మెడలోని నాళాలకి కుడతారు. అన్నీ కుదిరితే తర్వాత అందులో పళ్ళు కూడా పెట్టొచ్చు. అద్భుతం కాదూ!

మరి కాలి సంగతి? మీ చీలమండ బయటివైపు ఓసారి తడిమి చూడండి. అక్కడ చేతికి తగిలే గుండ్రటి ఎముక ఫిబ్యులా చివరే. అందుకే కింద ఆరేడు సెంటీమీటర్లు ముట్టుకోకుండా వదిలేస్తారు, లేకపోతే మడమ నిలబడదు. పైన మోకాలి దగ్గర కూడా కొంత వదులుతారు, అక్కడ పాదాన్ని పైకెత్తే నరం ఉంటుంది. కాలి బొటనవేలిని వంచే కండరం ఈ ఎముకనే అంటిపెట్టుకుని ఉంటుంది. ఎవరూ పిలవట్లేదు కదా అని పాత ఫంక్షన్ డిలీట్ చేస్తే, ఇంకెక్కడో ఏదో ఆగిపోతుంది చూడండి, అచ్చం అలాగే.

చాలామంది కొన్ని నెలల్లో మామూలుగానే నడుస్తారు, అది నిజం. బాబాయ్ కూడా నడుస్తున్నాడు. ఆస్పత్రి గచ్చు మీద నడిపించి చూసి "వెరీ గుడ్" అన్నారు. కానీ ఆయన బతుకు గచ్చు మీద కాదు, తెనాలి దగ్గర పొలం గట్ల మీద. తడి గట్టు మీద నిలదొక్కుకోవాలంటే వేళ్ళు నేలని పట్టుకోవాలి. ఆ బొటనవేలికిప్పుడు పట్టు లేదు. గొంతుక్కూర్చుంటే మడమ బిగుసుకుపోతుంది. ఇంట్లో కమోడ్ పెట్టించాం. పెళ్ళిళ్ళలో కింద బంతికి కూర్చోడు. కిందటేడు పొలం కౌలుకిచ్చేశాడు.

చూడ్డానికొచ్చిన వాళ్ళంతా మొహం చూస్తారు, "అన్నం తింటున్నావా?" అంటారు. కాలి గురించి ఒక్కరూ అడగలేదు, నాతో సహా. కౌలు సంగతి తెలిశాక అడిగాను, డాక్టరుకి ఎందుకు చెప్పలేదని.

"ప్రాణం నిలబెట్టినోళ్ళ దగ్గర కాలి వేలి గురించి ఏడిస్తే బాగుంటదా?" అన్నాడు.

ఆ తర్వాత ఫిజియోథెరపీ పెట్టించాం. మడమ కొంచెం వదులైంది, వేలు మాత్రం పెద్దగా మారలేదు. మొదటి నెలల్లోనే నేను పట్టించుకుని ఉండాల్సింది.

ఆపరేషన్ వద్దని కాదు నేను చెప్పేది. మళ్ళీ అదే పరిస్థితి వస్తే మళ్ళీ చేయించమనే అంటా. బాబాయ్ ఇవాళ పప్పన్నం కలుపుకుని తింటున్నాడంటే ఆ ఎముక వల్లే. కాకపోతే మీ ఇంట్లో ఎవరికైనా ఈ అవసరం వస్తే, మీవాళ్ళు ఏం పని చేస్తారో, ఎక్కడ నడుస్తారో, ఎలా కూర్చుంటారో డాక్టరుకి ముందే చెప్పండి. కాలి వ్యాయామాలు ఎప్పుడు మొదలుపెట్టాలో అడగండి. ఇంటికొచ్చాక మొహంతో పాటు కాలి గురించి కూడా అడగండి.

మొన్న సంక్రాంతికి బాబాయ్‌తో గట్టుదాకా వెళ్ళా. నా భుజం పట్టుకుని నడిచాడు. "ఎక్స్‌ట్రా ఎముకన్నావుగా, ఇప్పుడు నువ్వే మొయ్యి" అన్నాడు.

ఈసారి నవ్వేసి ఊరుకోలేకపోయా.