లండన్‌లోని లాగోస్

లండను వెళ్ళివచ్చినవారిని ఏమేమి చూశారని అడిగి చూడండి. రాజుగారి భవనం, పెద్ద గడియారం, టవరు వంతెన అంటూ వేళ్ళు మడిచి చెబుతారు. పెకమ్ చూశామన్నవారు మాత్రం నాకింతవరకూ తగల్లేదు. మా అమ్మాయి కాపురం థేమ్సు నదికి దక్షిణాన కావడంవల్ల ఆ పేట చూసే అవకాశం నాకు కలిగింది. దానికి ‘చిన్న లాగోస్’ అని ముద్దుపేరు. లాగోస్ అంటే నైజీరియాలోకెల్లా పెద్ద పట్నం.

పెకమ్ రై స్టేషనులో రైలు దిగి రై లేన్ అనే వీధిలో అడుగుపెట్టేసరికి, ఇది ఇంగ్లండేనా అన్న అనుమానం వస్తుంది. దుకాణాల ముందు మోకాలెత్తు పెండలం దుంపలు, కూర అరటికాయలు, ఎర్రని పామాయిలు సీసాలు, కర్రల్లా బిగుసుకుపోయిన ఎండుచేపలు. ఒక సంచీ మీద ‘గారీ’ అని చూసి నాకు నోరూరింది. తీరా అది మన గారె కాదు. కర్రపెండలం తురిమి, పులియబెట్టి, వేయించిన రవ్వ! వాళ్ళు పెండలాన్ని ఉడకబెట్టి, రోట్లో దంచి, ముద్ద చేసి, పులుసులో ముంచుకుని చేత్తో తింటారు. సంకటి తినే మన రాయలసీమవారికి ఈ పద్ధతి వేరే చెప్పనక్కరలేదు.

2021 జనాభా లెక్కల ప్రకారం ఇంగ్లండు, వేల్సు ప్రాంతాల్లో ఉంటున్న నైజీరియాలో పుట్టినవారు సుమారు 2,70,000 మంది. ఇక్కడే పుట్టిన పిల్లలూ మనవలూ ఈ లెక్కలోకి రారు. చదువుకని వచ్చి ఉండిపోయినవారు కొందరు. 1967 నుంచి 1970 దాకా సాగిన అంతర్యుద్ధంవల్ల వెనక్కి వెళ్ళలేకపోయినవారు కొందరు. 1980లలో చమురు ధర పడిపోయి, బతుకు భారమై వచ్చినవారు మరికొందరు.

మా అమ్మాయి ఒక బట్టల కొట్లోకి తీసుకువెళ్ళింది. కొట్టు యజమానురాలు అరవై దాటిన మనిషి. తలకు ‘గెలె’ అనే గుడ్డను మడతలు మడతలుగా కిరీటంలా చుట్టుకుని ఉంది. పెళ్ళికీ పేరంటానికీ బంధువులంతా ఒకే రకం బట్ట కట్టుకోవడం వాళ్ళ ఆచారం. దాన్ని ‘అసో ఎబి’, అంటే కుటుంబపు బట్ట అంటారు. మేము ఇండియా వాళ్ళమని తెలిసి ఆమె ఒక తాను తెచ్చి మా ముందు పరిచింది. “దీని పేరు జార్జి. మీ దేశపుదే” అంది.

నిజమే సుమండీ. ఆ పేరు చెన్నపట్నంలోని సెయింట్ జార్జి కోటనుబట్టి వచ్చిందంటారు. నైజీరియా తూర్పు, దక్షిణ ప్రాంతాలవారికి ఇది పెళ్ళిబట్ట. దీనికి తోడబుట్టిన మద్రాసు రుమాలును మన చీరాల మగ్గాలమీద కూడా నేసి పశ్చిమాఫ్రికాకు ఎగుమతి చేసేవారు. మన నేతగాడి చెమట ఎవరి ఇంట శుభకార్యానికి అందిందో చూడండి!

కొట్లో ఒక మూల కుర్చీలో కూర్చున్న పెద్దాయన మాటల్లో కలిశాడు. “మా దేశంలో ఉన్నన్నాళ్ళూ నేను ఇజెబు వాణ్ణి. పక్క జిల్లావాడు కూడా నాకు పరాయివాడే. లండనులో దిగాకనే నైజీరియా వాణ్ణయ్యాను” అన్నాడు నవ్వుతూ. మన గుంటూరువారూ నెల్లూరువారూ ఓడ దిగగానే ‘ఇండియన్లు’ అయిపోలేదూ? అటువంటిదే.

అయితే వారి దేశం అంత తేలికగా ఒక ముద్దలో ఇమిడేది కాదు. యొరుబా, హౌసా, ఇగ్బో అనే మూడు పెద్ద జాతులతోబాటు అయిదువందలకు పైగా భాషలున్నాయక్కడ. ఇగ్బోలు ఎక్కువగా ఉన్న తూర్పు ప్రాంతం బియాఫ్రా పేరుతో విడిపోబోయినప్పుడే ఆ అంతర్యుద్ధం వచ్చింది. యుద్ధంలో కన్నా ఆకలితో పోయినవారే ఎక్కువ. ఆ పుండు మానని ఇళ్ళు లండనులోనూ ఉన్నాయి. అక్టోబరు 1న స్వాతంత్ర్య దినోత్సవానికి ఆకుపచ్చ, తెలుపు, ఆకుపచ్చ చారల జెండా పట్టుకోవడం అందరికీ ఒక్కలా ఉండదు.

ఆ జెండా కథ కూడా పెద్దాయనే ఎత్తుకున్నాడు. 1960లో స్వాతంత్ర్యం రాకముందే కొత్త జెండాకు నమూనాలు పంపమని పత్రికలో ప్రకటన వచ్చింది. దక్షిణ లండన్‌లోని నార్వుడ్ సాంకేతిక కళాశాలలో చదువుతున్న తైవో అకిన్‌కున్మి అనే కుర్రవాడు అది చూసి, ఒక నమూనా గీసి పంపాడు. మధ్యన ఎర్రని సూర్యుణ్ణి కూడా పెట్టాడట. పెద్దలు సూర్యుణ్ణి తీసేసి మిగిలినది ఎంచుకున్నారు. బహుమానం 100 పౌండ్లు. ఆయన స్వదేశం వెళ్ళి ప్రభుత్వోద్యోగం చేసుకుంటూ చాలాకాలం ఎవరికీ పట్టకుండా బతికి, 2014లో ప్రభుత్వ గౌరవం పొంది, 2023లో కన్నుమూశాడు. విచిత్రమేమంటే, 1960 నాటి వారి జాతీయగీతం రాసింది లిలియన్ జీన్ విలియమ్స్ అనే బ్రిటిషు స్త్రీ. 1978లో దాన్ని తీసేసి తమవారు రాసింది పెట్టుకున్నారు. 2024లో మళ్ళీ పాతదే తెచ్చుకున్నారు. మొత్తానికి జెండా మాత్రం పరదేశంలో చదువుకుంటున్న పిల్లవాడి చేతి పని. ఇంట్లో ఉన్నవాడికి దేశం చుట్టూ ఉంటుంది. దూరాన ఉన్నవాడు దాన్ని తన చేతులతో చేసుకోవాలి కాబోలు.

కొట్టు గోడమీద ఒక స్త్రీ ముఖం బొమ్మ ఉంది. ఆమె రాజమాత ఇడియా. పదహారో శతాబ్దంలో బెనిన్ రాజు తన తల్లి పేర దంతంతో చెక్కించిన, జానెడు ఎత్తుండే ముఖమది. 1897లో బ్రిటిషు సైన్యం బెనిన్ నగరాన్ని తగలబెట్టి, రాజభవనంలోని ఇత్తడి విగ్రహాలనూ దంతపు బొమ్మలనూ వేలకొలది దోచుకుంది. 900కు పైగా బెనిన్ వస్తువులు ఇప్పుడు బ్రిటిషు మ్యూజియంలో ఉన్నాయి. ఇడియా కూడా అక్కడే. 1977లో లాగోసులో ఆఫ్రికా జాతుల మహోత్సవానికి ఆమెనే చిహ్నంగా ఎంచుకుని, బొమ్మను పంపమని అడిగితే మ్యూజియంవారు ఇవ్వలేదు. నకలు చెక్కించుకుని పండుగ జరుపుకున్నారు. మన అమరావతి స్తూపపు శిల్పాలు నూరుకు పైగా అదే కప్పుకింద ఉన్నాయి కనుక, ఆయన బాధ నాకు విడమర్చి చెప్పనవసరం లేకపోయింది.

ఒక మంచి కబురు కూడా ఉంది. పెకమ్ నుంచి బస్సులో కొద్దిదూరం పోతే హార్నిమన్ మ్యూజియం వస్తుంది. ఒక తేయాకు వర్తకుడు కట్టించినది. 2022 నవంబరులో ఆ మ్యూజియంవారు తమ వద్దనున్న 72 బెనిన్ వస్తువుల హక్కును నైజీరియాకు రాసి ఇచ్చేశారు. దోపిడి సొత్తేనని ఒప్పుకుని మరీ ఇచ్చారు.

“బొమ్మలు వస్తాయి. పోయిన మాట వస్తుందా?” అంది కొట్టు యజమానురాలు, అంతసేపూ గుడ్డలు మడతపెడుతున్నదల్లా.

యొరుబాలో పెద్దలను ‘ఎ’ అనీ, చిన్నవారిని ‘ఓ’ అనీ సంబోధిస్తారట. అచ్చం మన ‘మీరు’, ‘నువ్వు’. పొద్దున్నే పెద్దవారికి ‘ఎ కారో’ అనాలి, తోటివాడికైతే ‘కారో’ చాలు. ఇంగ్లీషులో అందరికీ ఒకటే మాట. “భాష పోతే మర్యాద పోతుంది, మర్యాద పోతే నేను అమ్మమ్మనో కొట్టుదాన్నో వాళ్ళకేం తెలుస్తుంది?” అందామె.

ఆ భయానికి కారణముంది. 1950లు మొదలు కొన్ని దశాబ్దాలపాటు, పగలు చదువూ రాత్రి కొలువూ చేసుకునే నైజీరియా దంపతులు వేలాదిమంది తమ పసిపిల్లలను డబ్బిచ్చి తెల్లవారి ఇళ్ళల్లో పెంపకానికి ఉంచేవారు. ఏళ్ళు గడిచి వెళ్ళేసరికి బిడ్డకు తల్లి మాట తెలిసేది కాదు. అలా పెరిగిన ఒక నటుడు తన కథనే ‘ఫార్మింగ్’ పేరుతో 2018లో సినిమాగా తీశాడు.

పేర్లు మాత్రం వారు వదలలేదు. తాత పోయాక పుట్టిన మగపిల్లవాడు బాబాతుండే, అంటే ‘తండ్రి తిరిగి వచ్చాడు’. మనం తాతపేరు పెట్టుకోమూ? పరదేశంలో పుట్టిన బిడ్డ టోకుంబో, ‘సముద్రం దాటి తిరిగి వచ్చినవాడు’. నైజీరియాలో ఇప్పుడు విదేశాలనుంచి దిగే పాత కార్లను కూడా టోకుంబో అనే అంటారని చెప్పి పెద్దాయన పకపకా నవ్వాడు.

ఇంతలో బడి విడిచినట్టుంది, ఎనిమిదేళ్ళ మనవరాలు సంచీ విసిరేసి లోపలికి వచ్చింది. ఆమె యొరుబాలో ఏదో అడిగింది. పిల్ల ఇంగ్లీషులో జవాబు చెప్పింది. ఆమె మళ్ళీ యొరుబాలోనే అడిగింది. ఈసారి పిల్ల కాస్త మోకాలు వంచి, రెండు ముక్కలు ఆమె భాషలో చెప్పి, మిగిలినది ఇంగ్లీషులో పూర్తిచేసింది.

“మీ మనవలు మీ భాష మాట్లాడతారా?” అని అడిగిందామె నన్ను.

“అర్థమవుతుంది. బదులు మాత్రం ఇంగ్లీషులో చెబుతారు” అన్నాను.

“అయితే మీరు కూడా రెండోసారి అడగాలి” అందామె, జార్జి తాను చుట్టి బీరువాలో పెడుతూ.