చందా తీరిన కలం

చందా అన్న మాట తెలుగువాళ్లకు కొత్తది కాదు. 'చందమామ'కో, 'భారతి'కో చందా కట్టిన ఇళ్లలో పెరిగిన తరం మాది. ఏడాది చందా, రెండేళ్ల చందా, స్తోమతు ఉన్నవారికి జీవిత చందా. గడువు తీరితే పోస్టుమాను కొత్త సంచిక తేవడం మానేసేవాడు, అంతే. పాత సంచికలు మాత్రం అటక మీదో, ట్రంకుపెట్టెలోనో, బైండు చేయించిన ఇళ్లలో బీరువాలోనో నిశ్చింతగా ఉండేవి. వాటిని తీసి చదువుకోవడానికీ, అంచున పెన్సిలుతో నాలుగు మాటలు రాసుకోవడానికీ ఎవరి అనుమతీ అక్కరలేకపోయేది.

ఆ మాటే ఇప్పుడు రాత పనిముట్టుకు వచ్చి చేరింది. 1983లో పుట్టిన మైక్రోసాఫ్టు వర్డు దాదాపు ముప్పై ఏళ్లపాటు ఒకసారి డబ్బిచ్చి కొనుక్కునే సరుకు. 2013 జనవరిలో ఇళ్లలో వాడుకునేవారికి ఆఫీస్ 365 పేరిట చందా పద్ధతి వచ్చింది. 2020 ఏప్రిల్‌లో దాని పేరు మైక్రోసాఫ్టు 365గా మారింది. ఒక్కసారే కొనుక్కునే దారి పూర్తిగా మూసుకుపోలేదు. 2024 అక్టోబరులో వచ్చిన ఆఫీస్ 2024ను అలా కొనవచ్చు. కాకపోతే అది ఒక్క కంప్యూటరుకే పరిమితం, ఆ తరువాత వచ్చే కొత్త హంగులు దానికి అందవు.

రాతకోతలతో సంబంధమున్న మిత్రులను ఈ మధ్య కదిపి చూశాను. అభిప్రాయాలు ముచ్చటగా మూడు దారుల్లో నడిచాయి.

అనువాదాల మీద బతికే ఒక మిత్రురాలికి చందా భారంగా తోచలేదు. "కరెంటు బిల్లు కట్టడంలేదూ, ఇదీ అంతే" అన్నారావిడ. ఆవిడ లెక్క ఆవిడకుంది. వ్యక్తిగత చందా ఒకటి కడితే ఒకేసారి ఐదు యంత్రాలలో వాడుకోవచ్చు, దాంతోపాటు ఒక టెరాబైటు నిల్వస్థలం ఉంటుంది. ఇంట్లో మొదలుపెట్టిన అధ్యాయాన్ని రైల్లో ఫోనులో దిద్దుకోవచ్చు. ప్రచురణకర్త పంపిన ఎర్రగీతల సవరణలు ఉన్నవి ఉన్నట్టు కనిపిస్తాయి. భద్రతా లోపాలకు మరమ్మతులు వాటంతటవే వచ్చి చేరతాయి.

పదవీ విరమణ చేసిన తెలుగు లెక్చరరుగారు ఒకరు మాత్రం ససేమిరా అన్నారు. "నేను ఏడాదికి రాసేది రెండు వ్యాసాలు. కలానికి మూత పెట్టి ఉన్నప్పుడు కూడా మీటరు తిరగడమేమిటండీ?" అన్నది ఆయన ప్రశ్న. 2025 జనవరిలో అమెరికాలో వ్యక్తిగత చందా నెలకు 6.99 డాలర్ల నుంచి 9.99 డాలర్లకు పెరిగింది. కోపైలట్ అనే కృత్రిమ మేధ సహాయకుణ్ణి అందులో కలిపారు. అది వద్దనుకునే పాత చందాదారులు పాత ధరకే కొనసాగే మార్గం ఒకటి అప్పట్లో ఉంచారు. ఆ సంగతి జనానికి స్పష్టంగా చెప్పలేదని ఆరోపిస్తూ ఆస్ట్రేలియా పోటీ, వినియోగదారుల కమిషన్ 2025 అక్టోబరులో కోర్టుకెక్కింది. లెక్చరరుగారి వాదానికి ఇంతకంటే బలం ఏం కావాలి! అడగని పదార్థాన్ని విస్తట్లో వడ్డించి ఖరీదు కట్టినట్టుందన్నారు.

మూడోవాడు కుర్రవాడు. లిబ్రెఆఫీసుతో సరిపెట్టుకుంటున్నాడు. 2010లో ఓపెన్ఆఫీసు నుంచి చీలి వచ్చిన ఆ సాఫ్టువేరుకు పైసా కట్టనక్కరలేదు, తెలుగు ఒత్తులూ గుణింతాలూ చక్కగానే వస్తాయి. ఎవరైనా పట్టికలూ బొమ్మలూ దట్టించిన వర్డు ఫైలు పంపితే మాత్రం పేజీలు అటూ ఇటూ జరుగుతాయని ఒప్పుకున్నాడు.

ముగ్గురి మాటల్లోనూ సబబుంది. అయితే ముగ్గురూ లెక్క కట్టింది నెలకింతని. ఇంకో లెక్క నాకు మా మేనమామగారి వల్ల ఎదురైంది.

ఉద్యోగం చాలించిన తరువాత ఆయన మా వైపు వ్యవసాయపు మాటలు పోగుచేయడం మొదలుపెట్టారు. నీళ్లు తోడే సాధనాల్లో ఏతానికీ, కపిలకూ, గూడకూ తేడా ఏమిటో, గింజలు దాచుకునే గాదెకూ గరిసెకూ పాతరకూ భేదమేమిటో ముసలి రైతుల దగ్గర కూర్చుని అడిగి రాసుకునేవారు. పదకొండేళ్లు ఆ పనిలోనే ఉన్నారు. ముందు నోటుపుస్తకాల్లో, తరువాత కొడుకు కొనిచ్చిన ల్యాప్‌టాపులో. అందులోది చందా మీద నడిచే ప్రోగ్రాము, దాని పేరుతో మనకిక్కడ పనిలేదు. చందా అమెరికాలో ఉన్న కొడుకు కార్డు నుంచి ఏటేటా వెళ్లిపోయేది. కిందటేడు ఆయన పోయారు. పెద్దకర్మ అయ్యాక మావాడు అడిగాడు: "బావా, నాన్న ఫైళ్ల కోసం ఈ చందా ఎన్నాళ్లు కట్టాలి?"

వాడిది పిసినారితనం కాదు. మానేస్తే తండ్రి పదకొండేళ్ల పని ఏమవుతుందోనన్న భయం. ఆ భయంలో కొంత నిజముంది, కొంత లేదు. ఉదాహరణకు మైక్రోసాఫ్టు 365 చందా తీరితే, కంప్యూటరులోని ప్రోగ్రాము ఫైళ్లను తెరిచి చూపిస్తుంది, అచ్చు తీసుకోనిస్తుంది, దిద్దనివ్వదు, కొత్తవి రాయనివ్వదు. బ్రౌజరులో వాడే ఉచిత వర్డు ఉంది కనుక దారి పూర్తిగా మూసుకుపోదు. ఇంటర్నెట్టు గోదాములో దాచినవాటి సంగతి ఇంకొంచెం చిక్కు. ఉచితంగా ఇచ్చే ఐదు గిగాబైట్లకు మించి సరుకుంటే కొత్తవి చేర్చనివ్వరు. ఆరునెలలు దాటినా అలాగే ఉంటే తొలగించే హక్కు సంస్థకుంటుంది. జర్మనీలోని లైప్‌జిగ్‌లో తయారయ్యే యులిసీస్ అనే రాత ప్రోగ్రాము 2017 ఆగస్టులో చందాకు మారినప్పుడు వాడుకరులు పెద్ద గోలే చేశారు. అక్కడా చందా తీరాక చదువుకోవచ్చు, బయటికి తీసుకోవచ్చు, రాయడానికి మాత్రం వీల్లేదు.

అంటే రాసినవాడి మాట రాసినవాడికి కనిపిస్తుంది గానీ, దిద్దే చెయ్యి అద్దెది. గడువు తీరింది పత్రిక చందా అయితే ఆగేది రాబోయే సంచిక. ఇక్కడ ఆగేది నిన్న రాసినదాని మీద ఇవాళ్టి దిద్దుబాటు. ధర ఎక్కువా తక్కువా అన్నదానికంటే ఈ తేడాయే నాకు పెద్దదిగా కనిపిస్తుంది.

మనకు ఇది పాత గాయమే గదా! తెలుగు 1991లోనే యూనికోడ్ మొదటి కూర్పులో చోటు సంపాదించుకున్నా, మామూలు ఇళ్లలోని కంప్యూటర్లకు అది చేరింది 2001లో విండోస్ ఎక్స్‌పీ గౌతమి ఫాంటుతో వచ్చాకనే. అంతకుముందు ఒక్కో సంస్థది ఒక్కో ఫాంటు. ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు బొమ్మలు కూర్చి పెట్టేవారు. ఆ ఫాంటు లేని కంప్యూటరులో మన కథ పిచ్చిగీతలుగా కనబడేది. తొంభైలలో మా ఊరి డీటీపీ కేంద్రంలో కూర్పించిన నా వ్యాసాలు ఫ్లాపీతో సహా దక్కకుండా పోయాయి, మిగిలింది అచ్చుకాగితమే. పత్రికల సైట్లను చదవడానికి 'పద్మ' వంటి మార్పిడి ఉపకరణాలను ఆశ్రయించిన రోజులూ, 'లేఖిని'లో మొదటిసారి 'అమ్మ' అని కొట్టి చూసుకుని మురిసిన రోజులూ మీలో చాలామందికి గుర్తుండే ఉంటాయి. యూనికోడ్ కోసం మనం అంతగా పట్టుబట్టింది ఎందుకు? అక్షరం ఏ ఒక్క దుకాణం గొళ్లానికీ వేలాడకూడదనే.

అందుకే మావాడికి చందా మానెయ్యమనీ చెప్పలేదు, కట్టమనీ చెప్పలేదు. మరో రెండు నెలలు కట్టమన్నాను. ఆ రెండు నెలల్లో ఇద్దరం కూర్చుని మామయ్య ఫైళ్లన్నీ ఒకటొకటిగా తెరిచాం. ప్రతిదాన్నీ 2006లో ఐఎస్ఓ ప్రమాణమైన ఓపెన్ డాక్యుమెంట్ రూపంలో ఒకటి, ఏ హంగూ లేని యూనికోడ్ పాఠ్యంగా మరొకటి భద్రం చేశాం. ఒక ప్రతి అచ్చు తీయించి బైండు చేయించాం. ఆ తరువాతే వాడు చందా ఆపాడు.

ఎర్రగీతల సవరణలు అవసరమైనప్పుడు నేనూ నెలో రెండు నెలలో చందా కడుతూనే ఉంటాను, అది పనికి కట్టే కూలి. రాత పూర్తయిన రోజున మాత్రం దాన్ని మామూలు పాఠ్యంగా మరోచోట దించుకోకుండా నిద్రపోను. బైండు పుస్తకం ఇప్పుడు అత్తయ్య బీరువాలో ఉంది. మొన్న వెళ్లినప్పుడు చూస్తే, 'గరిసె' దగ్గర ఆవిడ పెన్సిలుతో అర్థం సరిదిద్ది పెట్టారు.