అక్క మాత్ర... చెల్లికి పనికిరాదు

తెలుగిళ్లలో మందులకీ చుట్టరికాలుంటాయి. వదినకి పనిచేసిన గ్యాస్ మాత్ర మరదలి ఇల్లు చేరుతుంది. మామగారి మోకాళ్లకి రాసే నూనె వియ్యాలవారి ఊరు వెళ్తుంది. ‘నాకు బాగా పనిచేసింది, నువ్వూ వాడి చూడు’ అనడం మనలో ఒకరకం ఆప్యాయత. చాలాసార్లు దానివల్ల పెద్ద నష్టమేమీ జరగదు. అందుకే ఆ అలవాటు పోదు. కానీ నెలసరి ఆగిపోయే వయసులో వాడే హార్మోను మాత్రల దగ్గర మాత్రం ఈ ఆప్యాయత అక్కరకు రాదు. ఒక్కోసారి ప్రాణం మీదికి తెస్తుంది.

తెనాలి దగ్గర హైస్కూల్లో లెక్కలు చెప్పే ఒక టీచరుకీ, గుంటూరులో ఉండే ఆమె అక్కకీ అదే జరిగింది.

చెల్లెలికి నలభై ఏడో ఏట ముట్లు ఆగిపోయాయి. అందుకు ఆమేం దిగులుపడలేదు. ‘హమ్మయ్య, ఒక పని తప్పింది’ అనుకుంది. ఆర్నెల్లు తిరక్కుండానే ఆవిర్లు మొదలయ్యాయి. బోర్డు మీద సిద్ధాంతం రాస్తుంటే ఛాతీలో పుట్టిన సెగ మెడ మీదుగా ముఖానికి పాకేది. రెండు మూడు నిమిషాలంతే. ఈలోగా జాకెట్టు వీపంతా తడిసిపోయేది. పిల్లలు చూస్తున్నారని చాక్‌పీసు పక్కనపెట్టి కిటికీ దగ్గరికెళ్లి నిలబడేది. రాత్రిళ్లు మరీ కష్టం. డిసెంబరు చలిలో ఆమెకి ఫ్యాను కావాలి, ఆయనకి రెండు దుప్పట్లు కావాలి. రెండింటికి మెలకువ వస్తే మళ్లీ కన్ను మూతపడేసరికి పాలవాడు వచ్చేసేవాడు. ఓసారి తొమ్మిదో తరగతి పేపర్లు దిద్ది మార్కులు తప్పు కూడింది. పిల్లాడు లేచి ‘టీచర్, నాకు నాలుగు తగ్గాయి’ అనేదాకా తెలియలేదు. లెక్కల టీచరు కూడిక తప్పడమా అని ఆ రోజంతా ముభావంగా ఉండిపోయింది.

‘మేమంతా పడలేదుటమ్మా’ అన్నారు అత్తగారు. ఆవిడ వెటకారంగా అనలేదు. నిజమే, పడ్డారు. ఎలా ఉందని వాళ్లనెవరూ అడగలేదు, అంతే తేడా.

అక్క సంగతి వేరు. ఆమెకి నలభై ఒకటో ఏట గడ్డలున్నాయని గర్భసంచితోపాటు రెండు అండాశయాలూ తీసేశారు. మన దగ్గర ఇదేమంత అరుదు కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తమ్మీద నూటికి ముగ్గురు. ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిదిమంది, తెలంగాణలో దాదాపు ఎనిమిదిమంది. వాళ్లలో ఎందరికి నిజంగా ఆ ఆపరేషన్ అవసరమైందనేది మరో పెద్ద కథ. అండాశయాలు కూడా పోతే నెలసరి మెల్లమెల్లగా ఆగడం ఉండదు. ఒక్కరోజులో ఆగిపోతుంది. నలభై ఒకటికే ఈస్ట్రోజెన్ అందకపోతే ఎముకలు గుల్లబారతాయి, గుండెకీ మంచిది కాదు. అందుకే అలాంటివాళ్లకి మామూలుగా ముట్లుడిగే వయసు దాకా, అంటే యాభై వరకూ ఈస్ట్రోజెన్ ఇవ్వడం సరైన వైద్యమే. అక్కకి రోజుకో ఈస్ట్రడియాల్ మాత్ర రాశారు. అది ఆమెకి కావలసిందే.

సంక్రాంతికి పుట్టింట్లో కలిసినప్పుడు చెల్లెలి అవస్థ చూసి అక్క బ్యాగులోంచి మూడు స్ట్రిప్పులు తీసి చేతిలో పెట్టింది. ‘వేసుకోవే! పదమూడేళ్లుగా వేసుకుంటున్నా, నాకేమైంది?’ అంది. ఆ మాటలో అబద్ధం లేదు. మాత్రా పనిచేసింది. మూడు వారాలు తిరిగేసరికి ఆవిర్లు తగ్గాయి, నిద్రపట్టింది. స్ట్రిప్పులు అయిపోయాక ఖాళీ రేకు పట్టుకెళ్లి బస్టాండు పక్క మెడికల్ షాపులో చూపిస్తే, డాక్టరు చీటీ అడక్కుండానే ఇచ్చేశారు. చీటీ లేకుండా అమ్మకూడని మందు అది.

తొమ్మిదో నెలలో బట్టలకి రక్తం కనిపించింది. స్టాఫ్‌రూములో పెద్దావిడ ‘మిగిలిందేదో పోతుందిలే’ అంది. ఇలాంటి మాట ఎవరన్నా నమ్మకూడదు. ఏడాదిపాటు నెలసరి ఆగిపోయాక ఒక్క చుక్క కనిపించినా డాక్టరుకి చూపించుకోవాలి. ఆమె పన్నెండు రోజులు చూసి అప్పుడు గుంటూరు వెళ్లింది.

‘ఏం మందులు వాడుతున్నారు?’ అని డాక్టరమ్మ అడిగితే థైరాయిడ్ మాత్ర ఒక్కటే చెప్పింది. ‘ఇంకేమైనా?’ అంటే, ‘ఇంకేం లేవండీ’ అంది. మూడోసారి అడిగితే గానీ అక్క ఇచ్చిన మాత్ర బయటపడలేదు. దాచాలని కాదు. అది మందుల లెక్కలోకి వస్తుందనే అనుకోలేదు.

‘మీ అక్కగారికి గర్భసంచి ఉందా?’

‘లేదండీ, తీసేశారు.’

‘మీకుందమ్మా!’

అసలు విషయమంతా ఆ ఒక్క మాటలో ఉంది. ఈస్ట్రోజెన్ గర్భసంచి లోపలి పొరను పెంచుతుంది. ప్రొజెస్టిరాన్ ఆ పెరుగుదలకి పగ్గం వేస్తుంది. నెలసరి వచ్చినన్నాళ్లూ ఒంట్లో ఈ రెండూ వంతులేసుకుని పనిచేస్తాయి. బయటినుంచి ఒక్క ఈస్ట్రోజెనే ఇస్తూపోతే పొర పెరుగుతూనే ఉంటుంది. కొందరిలో అది క్యాన్సర్‌కి దారితీస్తుంది. వైద్యులకిది తెలిసింది కూడా దెబ్బతిన్నాకే. 1966లో రాబర్ట్ విల్సన్ అనే అమెరికా డాక్టరు ఈస్ట్రోజెన్ వాడితే ఆడవాళ్లకి వయసే మీదపడదన్నట్టు ఒక పుస్తకం రాశాడు. లక్షలమంది ఎగబడి వాడారు. 1975లో వచ్చిన అధ్యయనాలు వాళ్లలో గర్భాశయ పొర క్యాన్సర్లు పెరిగాయని తేల్చాయి. దాంతో గర్భసంచి ఉన్నవాళ్లకి ప్రొజెస్టిరాన్ కూడా ఇవ్వడం మొదలైంది. 1990ల్లో అక్కడే జరిగిన ‘పెపి’ అధ్యయనంలో, గర్భసంచి ఉండి ఒక్క ఈస్ట్రోజెనే వాడినవాళ్లలో మూడేళ్లు తిరిగేసరికి మూడోవంతు మందికి ఆ పొర ప్రమాదకరంగా మందమైంది.

గర్భసంచి లేనివాళ్లకి ఈ బెడద లేదు, కాబట్టి సాధారణంగా ప్రొజెస్టిరాన్‌తోనూ పనిలేదు. అంటే అక్కకి సరిపోయిన మాత్రే చెల్లెలికి ముప్పు అయింది.

‘హార్మోను మాత్రలు నాకు కొత్త కాదు కదండీ, తిరుపతి వెళ్లేటప్పుడల్లా వేసుకునేదాన్నిగా’ అని చెల్లెలు అడిగింది. చాలామంది ధైర్యం అక్కడినుంచే వస్తుంది. వ్రతాలకీ పెళ్లిళ్లకీ నెలసరి వాయిదా వేసుకోవడానికి వాడేది నోరెథిస్టిరాన్. అది ప్రొజెస్టిరాన్ జాతి మందు. దీనికీ దానికీ ‘హార్మోను’ అన్న పేరొక్కటే పోలిక. ఆ మాటకొస్తే అదీ అడగకుండా కొనుక్కునేది కాదు. కాళ్లలో రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉన్నవాళ్లకి అది కూడా ప్రమాదమే.

స్కానింగ్‌లో పొర మందం 14 మిల్లీమీటర్లుంది. ముట్లుడిగాక రక్తం కనిపించినవాళ్లలో అది నాలుగు దాటితేనే ముక్క తీసి పరీక్షకి పంపుతారు. పంపారు. రిపోర్టుకి పది రోజులన్నారు.

ఆ పది రోజులూ చెల్లెలు బడి మానలేదు. అక్కకి చెప్పొద్దని ఆయనకి గట్టిగా చెప్పింది. ఆయన నాలుగు రోజులు ఆగి ఐదోనాడు ఫోన్‌లో చెప్పేశారు. అక్క ఆ సాయంత్రమే బస్సెక్కి వచ్చింది. వచ్చి ఏమీ మాట్లాడలేదు. వంటింట్లోకెళ్లి, తోమిన గిన్నెలే మళ్లీ తోముతూ కూర్చుంది. చెల్లెలు వెళ్లి చెయ్యి పట్టుకుంటే, ‘నా చేత్తో ఇచ్చానే’ అంది. రిపోర్టు వచ్చేదాకా ఆమె గుంటూరు వెళ్లలేదు. ఒక్క పూటే భోజనం చేసింది. ‘నువ్వు కావాలని ఇచ్చావా’ అని చెల్లెలు ఎన్నిసార్లన్నా ఆ మాట ఆమెకి ఎక్కలేదు.

రిపోర్టు మంచిగానే వచ్చింది. పొర పెరిగింది గానీ, కణాల్లో చెడు లక్షణాలేమీ లేవు. ఈస్ట్రోజెన్ ఆపేసి ఆర్నెల్లు ప్రొజెస్టిరాన్ ఇచ్చారు. మళ్లీ ముక్క తీసి చూస్తే మామూలుకొచ్చింది. ఆవిర్లు మాత్రం వెళ్లినంత వేగంగానూ తిరిగొచ్చాయి.

మళ్లీ వాడాలా వద్దా? ఆయన ‘అసలొద్దు, క్యాన్సరొస్తుందని ఎప్పుడో పేపర్లో చదివా’ అన్నారు. ఆయన చదివింది 2002 నాటి వార్త. ‘విమెన్స్ హెల్త్ ఇనీషియేటివ్’ అనే భారీ అధ్యయనంలో ఒక భాగాన్ని ఆ ఏడాది జులైలో అర్ధంతరంగా ఆపేశారు. గర్భసంచి ఉన్న 16,608 మందిలో సగంమందికి ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిన్ కలిపిన మాత్ర ఇచ్చారు. రొమ్ము క్యాన్సర్ 26 శాతం పెరిగిందన్నారు. ప్రపంచమంతా హడలిపోయింది. నూటికి ఇరవై ఆరుమందికి క్యాన్సరొస్తుందని అర్థం చేసుకున్నవాళ్లూ ఉన్నారు!

డాక్టరమ్మ ఒక కాగితం మీద అంకెలు వేసి ఇచ్చారు. లెక్కల టీచరుకి అవి వెంటనే అందాయి. పదివేలమంది ఏడాదిపాటు ఆ మాత్ర వాడితే రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్లు 38 మంది. ఉత్తుత్తి మాత్ర వేసుకున్న పదివేలమందిలో 30 మంది. తేడా ఎనిమిది. అలాగే పక్షవాతం మరో ఎనిమిదిమందికి, ఊపిరితిత్తుల్లో రక్తపు గడ్డలు ఎనిమిదిమందికి, గుండెజబ్బు ఏడుగురికి ఎక్కువగా వచ్చాయి. తుంటి ఎముక విరగడం ఐదుగురిలో, పెద్దపేగు క్యాన్సర్ ఆరుగురిలో తగ్గింది. అన్నిటికన్నా ముఖ్యమైన అంకె అధ్యయనంలో చేరినవాళ్ల సగటు వయసు. అది 63. ఆవిర్లతో సతమతమయ్యే యాభై ఏళ్లావిడ సంగతి వేరు. ఆ తర్వాతి విశ్లేషణలు చెప్పిందీ అదే. అరవై లోపు, లేదా ముట్లుడిగిన పదేళ్లలోపు మొదలుపెట్టిన ఆరోగ్యవంతులకి సాధారణంగా నష్టంకన్నా మేలే ఎక్కువ. రొమ్ము క్యాన్సర్ ముప్పు మాత్రం రెండూ కలిపి వాడేవాళ్లలో ఏళ్లు గడిచేకొద్దీ పెరుగుతుంది. గర్భసంచి లేక ఈస్ట్రోజెన్ ఒక్కటే వాడినవాళ్లలో ఆ అధ్యయనంలో అది పెరగలేదు. అయితే పక్షవాతం కేసులు పెరిగాయని 2004లో ఆ భాగాన్నీ ఆపేశారు.

ఈ మందుల డబ్బాల మీద ముద్రించే పెద్ద హెచ్చరికల్లో చాలావాటిని తొలగిస్తున్నట్టు 2025 నవంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ప్రకటించింది. ఒంటరి ఈస్ట్రోజెన్‌తో గర్భాశయ పొరకి ముప్పన్న హెచ్చరికను మాత్రం ఉంచుతామంది. చెల్లెలికి ఎదురైంది సరిగ్గా అదే. ఈ వార్త చూసి ‘ఇక భయం లేదు, అందరూ వాడొచ్చు’ అనేవాళ్లూ తయారవుతారు. వాళ్లు 1966 నాటి ఉత్సాహాన్ని ఓసారి గుర్తుచేసుకోవాలి. గుండెజబ్బు రాకుండానో, అందం తరగకుండానో వాడే మందు కాదిది.

రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్లు, గుండెపోటు, పక్షవాతం, రక్తపు గడ్డల చరిత్ర ఉన్నవాళ్లు, కాలేయం దెబ్బతిన్నవాళ్లు, కారణం తేలని రక్తస్రావం ఉన్నవాళ్లు ఈ మందుల జోలికి వెళ్లకూడదు. వాళ్లకి ఆవిర్లు తగ్గించే వేరే మందులున్నాయి. డిప్రెషన్‌కి ఇచ్చేవాటిలో కొన్ని తక్కువ మోతాదులో పనిచేస్తాయి. చెల్లెలికి ఈ ఇబ్బందులేవీ లేవు. బీపీ చూశారు, మామోగ్రాం తీశారు, ఇంట్లో ఎవరికేం జబ్బులున్నాయో రాసుకున్నారు. చివరికి చేతికి రాసుకునే ఈస్ట్రోజెన్ జెల్, పడుకునేముందు ప్రొజెస్టిరాన్ గుళిక రాశారు. చర్మం ద్వారా వెళ్లే ఈస్ట్రోజెన్‌తో మామూలు మోతాదుల్లో రక్తం గడ్డకట్టే ముప్పు పెరుగుతున్నట్టు కనిపించలేదు. మాత్రతో అది కొంత పెరుగుతుంది. పైగా థైరాయిడ్ మందు వాడేవాళ్లు ఈస్ట్రోజెన్‌ని మాత్రగా మింగితే ఆ మోతాదు పెంచాల్సి రావచ్చు. జెల్‌తో ఆ చిక్కు ఉండదు. ‘గుళిక ఖరీదెక్కువని అది మానేసి జెల్ ఒక్కటే రాసుకోవద్దు’ అని డాక్టరమ్మ రెండుసార్లు చెప్పారు. అలా చేసేవాళ్లు ఉంటారు కాబట్టే అన్నిసార్లు చెప్పాల్సొస్తుంది.

‘ఈసారి అక్కగారినీ తీసుకురండి’ అని కూడా అన్నారు.

అక్క ‘నాకేమైంది’ అంటూనే వచ్చింది. పదమూడేళ్ల కిందటి చీటీ మడతలు చిరిగి, అక్షరాలు చెరిగిపోయి ఉంది. అప్పటినుంచి ఎవరూ బీపీ చూడలేదు, మోతాదు మార్చలేదు. మామోగ్రాం అన్న మాటే ఆమె వినలేదు. ఈ మాత్ర యాభై దాకా ఎందుకు అవసరమో, ఆ తర్వాత ఏడాదికోసారి ఎందుకు తూచి చూసుకోవాలో ఆమెకి చెప్పినవాళ్లూ లేరు. ఆమెకిప్పుడు యాభై ఐదు. బీపీ కాస్త ఎక్కువగానే ఉంది. మామోగ్రాంలో ఏమీ లేదు. ఒక్కసారిగా మానేస్తే ఆవిర్లు తిరగబెట్టొచ్చని రెండు మిల్లీగ్రాముల మాత్రని ఒకటికి దించారు, బీపీకి వేరే మందిచ్చారు. దించిన మొదటివారం రాత్రిళ్లు రెండుసార్లు చెమటలు పట్టాయట, తర్వాత సర్దుకుంది. మూడు నెలలకి మళ్లీ రమ్మన్నారు.