సోమశిల యొడ్డున వంటయిల్లు

సముద్రము మా పానగల్లునకు ఒక పగటి ప్రయాణము. బాపట్ల చెంతనున్న సూర్యలంక తీరమునకు పిల్లలను తీసికొని పోవలెనన్నచో, తెల్లవారుజామున బయలుదేరినను చేరుసరికి ప్రొద్దు వాలును. పోవుటకొక దినము, వచ్చుట కొక దినము చెల్లిపోవును. అందుచేత నీటియొడ్డున నాలుగు దినములు గడపవలెనని తలచిన మావైపు కుటుంబములు కృష్ణవైపే చూచుచుందురు. కొల్లాపురము దాటి కొంచెము దూరము పోయినచో కొండల నడుమ సోమశిల యున్నది. అచ్చట కృష్ణ నదివలె గాక చిన్న సముద్రమువలె కనబడును. అది శ్రీశైలము ఆనకట్ట వెనుక నిలిచిన నీరు; జలాశయము నిండుమట్టము 885 అడుగులు. గాలి వీచినపుడు అలలు వచ్చి ఒడ్డును కొట్టును. ఇసుక మాత్రము తక్కువ. ఒండ్రుమట్టియు, రాళ్లును ఎక్కువ. సముద్రమును చూడని మా పిల్లలకు ఆ కొఱత తెలియలేదు.

సోమశిలలో దిగుటకు పర్యాటక సంస్థవారి కుటీరము లున్నవి. 2015-16లో కేంద్ర ప్రభుత్వము స్వదేశ్ దర్శన్ అను పథకమున సోమశిల, సింగోటము, అక్కమహాదేవి గుహలు, ఉమామహేశ్వరము, మల్లెలతీర్థము మొదలగు చోట్లను ఒక వరుసగా చేర్చి సొమ్ము మంజూరు చేసినది. అట్టి కుటీరములను గూర్చి మేము వ్రాయబోవుట లేదు. కుటుంబమంతయు ఒక పల్లెయింట దిగి, బియ్యము పప్పు వెంట తెచ్చుకొని, తామే వండుకొని తినుచు నీటియొడ్డున గడపెడి విడిదిని గూర్చి మాత్రమే సోదరీమణులతో ముచ్చటింపదలచితిమి.

ఇది మనకు క్రొత్త గాదు. తీర్థములకు పోయినపుడు సత్రమున గది తీసికొని పొయ్యి రాజవేయుట మన అమ్మమ్మల యలవాటే. సింగోటము జాతరకు బండ్లు కట్టుకొని పోయి చెట్టుక్రింద మూడురాళ్లు పెట్టి వండుకొన్న కథలను మా అత్తగారు ఇప్పటికిని చెప్పుచుందురు. కార్తీక వనభోజనముల సంగతి చెప్పనక్కఱలేదు. ఇతర దేశములందును ఈ వేడుక గలదు. ఫిన్లండు దేశమున సరస్సుల యొడ్డున వేసవి కుటీరములు సుమారు ఐదు లక్షలు గలవట. వానిలో ననేకములకు కొళాయి నీరుండదు. నీరు తోడుకొనుట, కట్టెలు కొట్టుకొనుటయే అచ్చటివారికి సెలవుల సంతోషము. కట్టెలు కొట్టెడివా రెవరో, గిన్నెలు తోమెడివా రెవరో ఆ లెక్కలో చేరినట్లు లేదు. మాకు తెలిసికొనవలసిన దదియే. విడిదికి పోయి యెవరి వంట వారు చేసికొనునపుడు, విశ్రాంతి యెవరిది?

మా పానగల్లు కొండమీద కోట యున్నది. చుట్టును ఏడు ప్రాకారములు, నడుమ బాలాహిస్సారు. 1604 నాటి శాసనమొకటి కుతుబ్ షాహీ సుల్తాను తల్లి ఖైరతుఖాను అధికారకాలమున ఈ కోటలో నివసించెనని చెప్పుచున్నది. తరువాత నిజాము అలీఖాను 1786 మొదలు 1789 వఱకు కొంతకాల మిచ్చట నుండెను. వారికి గాలి మార్పయి యుండవచ్చును. వంటవారు, నీరుమోయువారు వెంట నుండగా ఎక్కడ దిగిన నేమి, విడిది విడిదియే.

మేము పోయినది కార్తీకమున. అత్తగారు, మేము ముగ్గురు ఆడవారము, బావగారు, మఱది మొదలగు మగవారు నలుగురు, పిల్లలు ఆరుగురు. ఒడ్డునకు ఎగువన నొక రేకులకప్పు ఇల్లు మాట్లాడిరి. ముందు వసారా, లోపల రెండు గదులు, వెనుక దడి కట్టిన స్నానాలగది. వంటకు వేఱు గది లేదు. వసారా ప్రక్కన నేలమీద మూడు రాళ్లు, అంతే. ఇంటి యజమానురాలు డెబ్బదేండ్లు పైబడిన ముదుసలి; తన కొడుకుతో ప్రక్క పాకలో నుండును. ఆమెను మేము పెద్దమ్మా అని పిలిచితిమి.

మొదటి దినము జరిగిన దిది. బండి దిగగానే పిల్లలు నీటికి పరుగెత్తిరి. మగవారు వారి వెంట పోయిరి. మేము మూటలు విప్పి, కట్టెలు చూచి, బియ్యము కడిగి, పచ్చిపులుసునకు చింతపండు నానవేసితిమి. వంట ముగియుసరికి అందఱును ఆకలితో వచ్చిరి. వడ్డించి, తిని, అంట్లు ఒడ్డునకు మోసికొనిపోయి తోమితిమి. నీటిని మేము దగ్గఱగా చూచినది అప్పుడే. తిరిగి వచ్చుసరికి టీ అడిగిరి. టీ అయిన పిమ్మట రాత్రికి జొన్నరొట్టెలు. వసారాలో మగవారు చల్లగాలికి కునుకు తీయుచుండిరి. చీకటి పడినది. ఇంట నున్నను ఇంతే పని. ఇచ్చట పొయ్యి పొగ చూరునది మాత్రము ఎక్కువ. అత్తగారు రొట్టె విఱుచుచు, "ఇంటికాడ గ్యాసు పొయ్యి పెట్టుకొని, ఇంత దూరం వచ్చి కట్టెల పొయ్యి ముందట కూసునేటందుకా మనం వచ్చింది?" అనిరి. ఎవరును బదులు పలుకలేదు.

ఆ రాత్రి పెద్దమ్మ మా పొయ్యి యొద్దకు వచ్చి కూర్చుండినది. వెన్నెల నీటిమీద పఱచుకొని యున్నది. ఆమె చేయి చాచి, "గా తెల్లగ మెరుస్తున్నది సూడు బిడ్డా, దానికి జర ఇవతల మా యిల్లు ఉండె" అనినది. మేము మొదట ఏదో దీవిని చూపుచున్నదనుకొంటిమి. అచ్చట నీరు తప్ప మఱేమియు లేదు.

శ్రీశైలము జలాశయము నిండుటకై నూఱు గ్రామములకు పైగా మునిగిపోయినవి. లక్షమందికి పైగా జనులు ఇండ్లు విడిచిరి. 1981లో ఈ ప్రాంతమున ఊళ్లను ఖాళీ చేయించిరి. సోమశిలలో ఇప్పుడు మనము చూచెడి లలితా సోమేశ్వరుని ఆలయములు గూడ పూర్వము క్రింద నుండినవే. వానిని విప్పి ఎత్తుచోట మఱల కట్టిరి. కూడవెల్లి సంగమేశ్వరాలయము అలంపురమునకు పోయినది. జటప్రోలు మదనగోపాలస్వామి ఆలయమునకును అదేవిధమున తావు మార్చిరి. దేవుని యింటిరాళ్లను జాగ్రత్తగా విప్పి మఱల పేర్చిరి. మనుష్యుల పొయ్యిరాళ్లకు తావు చూచిన వారు లేరు.

పెద్దమ్మ కాపురమునకు వచ్చిన నాలుగేండ్లకే ఊరు లేచిపోయినదట. నష్టపరిహారము వచ్చినది మామగారి చేతికి. ఏమయినదో ఆమెకు తెలియదు. పెంకులు, దూలములు బండికెత్తిరి. ఎత్తలేనివి మిగిలిపోయినవి. "ఎండకాలం నీళ్లు దిగినంక పోయి సూస్తే గడపరాయి కండ్లవడ్తది. పొయ్యి జాడ మాత్రం దొరకలె బిడ్డా. మట్టిది గద, కరిగిపోయె" అనినది. ఏటేట పోవుదువా యని అడిగితిమి. "పోత. గా గడప మీద జరసేపు కూసొని వస్త."

మా తోటికోడలు ఆ సమయమున పొయ్యిలోని నిప్పులను ఆర్పబోయి, ఆగినది. పెద్దమ్మ లేచిపోవువఱకు ఆ నిప్పుల నట్లే యుంచితిమి.

మఱునాడు ఉదయమున అత్తగారు తీర్పు చెప్పిరి. ఆడవారు ప్రొద్దున నొక్కపూట వండుదురు. సాయంకాలపు వంట మగవారిది. అంట్లు ఎవరు తినిన కంచము వారిది. పెద్దగిన్నెలు పిల్లలలో పెద్దవారివి. బావగారు నవ్విరి కాని కాదనలేదు, తల్లి మాట. మఱది బెస్తవారి యొద్దకు పోయి చేప తెచ్చినాడు. ఈ జలాశయపు టొడ్డున కోస్తా జిల్లాలనుండి వలస వచ్చిన బెస్తవారు గుడిసెలు వేసికొని, వలలు ఆరవేసికొని, ఎండుచేపలు పఱచుకొని యుందురు. మేము వేడుకకు మూడు దినములు వచ్చిన యొడ్డుననే వారి ఆడవారు ఏండ్లతరబడి మూడురాళ్లమీద వండుచున్నారు. సోమశిలలో చేపలు వేయించి అమ్మువారు గూడ గలరు. ఆదివారములందు వారి పెనములు దిగవు.

సాయంకాలము మేము నలుగురము నీటి యంచున రాతిమీద కాళ్లు జార విడిచి కూర్చుంటిమి. వసారానుండి కేకలు వచ్చుచునే యుండినవి: ఉప్పెక్కడ, పసుపెక్కడ, పులుసు కెంత చింతపండు. మొదటి రెండు కేకలకు మా ఆడబిడ్డ లేచినది. అత్తగారు కొంగు పట్టి కూర్చుండబెట్టిరి. తరువాత కేకలు తగ్గినవి. అన్నము మెత్తబడినది, చేపల పులుసు మాత్రము బాగుగనే యుండెను. అత్తగారు చేప ముట్టరు. వారికి బావగారు వేఱుగా పల్లీల పచ్చడి నూఱిరి. రాతిమీద కూర్చుండి మేము చేసినదేమియు లేదు. సంజ చీకటిలో నల్లమల కొండలు నీలమై, తరువాత నల్లనై పోవుట చూచితిమి. మా తోటికోడలు పెండ్లియైన పదునాలుగేండ్లలో అన్నము ఉడుకువేళ వెలుపల కూర్చుండుట ఇదియే మొదటిసారి యనినది. అది లెక్క పెట్టి చెప్పిన మాట.

ఇట్లు పోదలచిన సోదరీమణులకు కొన్ని సంగతులు. వానలు వెలిసిన పిమ్మట, కార్తీకము మొదలు సంక్రాంతి వఱకు నీరు ఒడ్డుననే యుండును. ఎండలు ముదిరిన కొలది దూరము పోయి, నడుమ బురద మిగులును. ఆ బురదలో పిల్లల కాళ్లు దిగబడును. వేసవిలో పోవువారికి వేఱు లాభము గలదు: ఆవలి యొడ్డున, సంవత్సరములో ఎక్కువ నెలలు నీట మునిగియుండు సంగమేశ్వరుని గుడి అప్పుడు వెలికి వచ్చును. అచ్చటి లింగము వేపకొయ్యది. కృష్ణ, తుంగభద్ర మొదలుగా ఏడు నదులు కలియు చోటని జనులు చెప్పుకొందురు.

మొదటిపూటకు వంట పెట్టుకొనరాదు. పులిహోర, సజ్జరొట్టెలు, పల్లీలపొడి ఇంటనే చేసికొని పోవలెను. సజ్జరొట్టె మూడు దినములైనను చెడదు. త్రాగునీరు వెంట నుండవలెను, లేనిచో కాచి వడపోసికొనవలెను. కట్టెల కింత, ఇంటి కింత యని అద్దె ముందుగనే తేల్చుకొనుట మేలు. రాళ్లు కదల్చునపుడు తేళ్లుండును. స్నానమునకు దిగునపుడు ఒడ్డు మెల్లగా లోతగు ననుకొనరాదు. పాతగట్లు నీటి క్రింద నున్నవి, రెండడుగులకే గొంతులోతు రావచ్చును. పడవ యెక్కునపుడు తేలుచొక్కా లేనిదే పిల్లలను ఎక్కింపరాదు. 2007 జనవరిలో కొల్లాపురము ప్రాంతముననే మంచాలకట్ట యొద్ద పడవ మునిగి అఱువదిమంది వఱకు చనిపోయిరి. పడవవాడు తొందరపెట్టినను మేము రెండవ పడవకై ఆగితిమి. బావగారికి అది నచ్చలేదు; అత్తగారికి నచ్చినది.

బయలుదేరు నాడు పిల్లలు పొయ్యిరాళ్లను నీటిలో విసరబోగా పెద్దమ్మ కేకవేసి ఆపినది. "అవి అట్లనే ఉండనియ్యుండ్రి. ఎనుకొచ్చేటోళ్లకు అక్కరకొస్తయి." ఆ మూడింటిని తానే గోడవార కెత్తి పెట్టుకొన్నది.

2016 కృష్ణా పుష్కరములకు సోమశిలలో స్నానఘట్టములు కట్టిరి. జనము విపరీతముగా వచ్చిరి. మఱల పుష్కరములు 2028లో రానున్నవి. పుణ్యస్నానము కోరువారు ఆ పండ్రెండు దినములలో పోవుదురు గాక; నీటియొడ్డున కొంచెము కూర్చుండి రావలె నను వారు ఆ తరువాతి కార్తీకము వఱకు ఆగుట మంచిది.