మా చెఱువు చేపల మేత

చేపలకు మేత వేయుట యనగా గట్టున నిలిచి గుప్పెడు తవుడు చల్లుట యని మేము కాపురమునకు వచ్చిన క్రొత్తలో తలచెడివారము. కైకలూరు ప్రాంతమున కోడలిగా నడుగుపెట్టిన పిమ్మట గాని యది యెంత లెక్కతో గూడిన పనియో మాకు తెలియలేదు. చెఱువు ఖర్చులో సగమునకు మించి మేతకే పోవును. ఒక యేట ఆ సొమ్ము కొఱకు మా గాజులు తాకట్టు పోయినవి. నాటినుండి పద్దుపుస్తకము మా చేతికి వచ్చినది.

మా చెఱువులో శీలావతి యెక్కువ, బొచ్చె తక్కువ. మా సీమ పద్ధతి చూడని సోదరీమణులకు కొంచెము చెప్పవలెను. నూనె తీసిన తవుడును, వేరుసెనగ చెక్కయు కలిపి, రంధ్రములు చేసిన సంచులలో నింపి, ఉదయమున పడవపై పోయి, నీట పాతిన వెదురు కఱ్ఱలకు కట్టుదురు. చేపలు రంధ్రములకు మూతు లానించి పీల్చుకొని తినును. వీనికి మనవలె నాహారము నిలుపుకొను జీర్ణకోశము లేదు, పొడవైన ప్రేగు మాత్రమే కలదు. కావున కొంచెము కొంచెముగా పలుమాఱులు తినవలెను. చల్లిన తవుడు నీట కలిసిపోవును, సంచిలోనిది వేచియుండును. తవుటిలో మాంసకృత్తులు నూటికి 15 వంతులకు సమీపమున నుండును, చెక్కలో 40 వంతులకు పైగా నుండును. అన్నములో పప్పు కలిపినట్లే యనుకొనుడు.

2016 శ్రావణమాసమున మూడు దినములు మబ్బు విడువలేదు. సంచులలో మేత మిగులుచున్నదని పడవవాడు చెప్పెను. మేత తగ్గింతమా యని మేము సందేహించుచుండగా మా అత్తగారు, “అమ్మాయీ, నోరులేని జీవములకు తిండి కొలిచి పెట్టెదవా?” అనిరి. మేము మాఱు పలుకలేదు. మిగిలినది నీట గుమ్మరించి క్రొత్త మేత కట్టించితిమి. నాలుగవనాటి వేకువను చేపలన్నియు పైకి వచ్చి నోళ్లు తెఱచి గాలికై తపించుచుండెను. ఇంజను పెట్టి నీరు తోడించితిమి గాని పెద్దచేపలే ముందుగా చచ్చినవి. ఎండ లేనిచో నీటిలోని పచ్చని నాచు ప్రాణవాయువు నీయజాలదు. ఉన్న కొంచెమును కుళ్లిన మేత హరించును. ఆకలిచేత గాక, మేము ప్రేమతో పెట్టిన తిండిచేతనే యవి చచ్చెనని తెలిసి మా అత్తగారు రెండుపూటలు భోజనము ముట్టలేదు.

అప్పటినుండి సంచి కట్టిన మూడుగంటలకు మరల చూచి, మిగిలినదానిని వ్రాసికొనుచున్నాము. నెలకొకసారి వల వేసి చేపలను తూచెదము. ఎకరమునకు 2,000 చేపలు, ఒక్కొక్కటి అరకిలో యైనచో మొత్తము 1,000 కిలోలు. నూటికి రెండు వంతున దినమునకు 20 కిలోల మేత. మబ్బు పట్టిననాడు సగము. చలికాలమున నీరు చల్లబడగా వాని యాకలియు తగ్గును గనుక మేము కూడ చేయి తగ్గింతుము.

చెక్క కొనునపుడు విఱిచి వాసన చూచి కొనుట మా పని. మావారు ధర చూతురు, మేము బూజు చూతుము. బూజు పట్టిన చెక్కలోని విషము కాలేయమును చెఱచును. 1960లో ఇంగ్లండున లక్షకు పైగా టర్కీకోళ్లు అట్టి చెక్క తినియే చచ్చినవి. చౌకగా వచ్చినదని యొకసారి కొన్న రెండు బస్తాలను మేము పూడ్పించితిమి. ఆ పద్దు చూచినపుడెల్ల మావారికి నేటికిని కోపమే.

ఇప్పుడు కర్మాగారములలో ఆవిరిపట్టి పొంగించిన గుళికల మేత వచ్చుచున్నది. అది నీటిపై తేలును గనుక తిన్నదెంతయో, మిగిలినదెంతయో కన్నులకు కనబడును. ధర మాత్రము తవుటికంటె చాల హెచ్చు. ఈ యేట కొంత తెప్పించి చూచుచున్నాము. శీలావతి నడినీటి చేప యయ్యు, పదిదినములలో పైకి వచ్చి తినుట నేర్చినది. ఖర్చు గిట్టునో లేదో పట్టుబడినాడు గాని తేలదు.

గాజులు విడిపించితిమి. సాయంకాలము పడవ గట్టు చేరగనే, “నేడెంత మిగిలినదిరా?” యని మాకంటె ముందుగా నడుగువారు మా అత్తగారే.