ఆరో గ్లాసు

బెజవాడ ఎండల్లో చుట్టాలొస్తున్నారంటే మా ఇంట్లో ముందుగా గాజు గ్లాసులు ఫ్రీజర్‌లోకి వెళ్తాయి. కడిగి, తడి దులిపి 20 నిమిషాలు ఉంచితే తెల్లటి మంచుపొర పడుతుంది. వేడినీళ్లతో కడిగిన వెంటనే పెడితే పగలొచ్చు. చల్లబడ్డ గ్లాసులో పోస్తే ఐసు అంత త్వరగా కరగదు, నిమ్మ షర్బతు పలచబడదు. ఈ శాస్త్రమంతా అమ్మ చేతుల్లోనే ఉంది. అయినా ఆ చల్లదనం ఏనాడూ ఆమె పెదవికి తగల్లేదు. అందరూ తాగాక జగ్గు అడుగున మిగిలింది స్టీలు గ్లాసులో వంపుకుని, నిలబడే తాగేది. దీన్నే మర్యాద అన్నాం. వడ్డించే మనిషికి దాహం వేయదని మనకెవరు చెప్పారు?

మొన్న వేసవిలో గ్లాసులు నేను సర్దాను. వచ్చేవాళ్లు నలుగురు, మేమిద్దరం. ఆరు పెట్టాను.

"నాకెందుకే?" అంది అమ్మ.

"చోటుందమ్మా" అన్నాను.

ఆరోజు కూర్చుని తాగింది.