చేరని పాఠాలు

చాలాకాలానికి వ్రాస్తున్న టపా ఇది. విషయం సాంకేతికం. కంప్యూటరు రంగంలో ఉన్న మిత్రులు నా పొరపాట్లను మన్నించి, అవసరమైన చోట దిద్దవలసిందిగా ముందుగానే మనవి చేసుకుంటున్నాను. ముప్ఫైమూడేళ్ళు సంధులూ సమాసాలూ చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ణి. ప్యాకెట్టు అంటే మొన్నమొన్నటి దాకా నాకు తెలిసింది వక్కపొడి ప్యాకెట్టే.

మా ఊరు కోయిలకుంట్ల. 2022 ఏప్రిల్ దాకా కర్నూలు జిల్లాలో ఉండేది, ఇప్పుడు నంద్యాల జిల్లాలోకి వచ్చింది. ఉయ్యాలవాడ నరసింహారెడ్డి 1846 జూలైలో ఖజానా మీద పడిందీ, 1847 ఫిబ్రవరి 22న కుంఫిణీవారు ఆయనను ఉరితీసిందీ ఈ ఊళ్ళోనే. ఆయన మీద రేనాటి పల్లెల్లో పుట్టిన పాటలు ఒక్కొక్కరి నోట ఒక్కొక్క తీరుగా వినిపిస్తాయి. నేనూ, నాతోపాటు భాషాప్రవీణ చదివిన ఒక మిత్రుడూ ఉద్యోగాల్లో చేరిన తొలినాళ్ళనుంచీ ఈ పాటలను క్యాసెట్లలోకి ఎక్కించుకుంటూ వచ్చాము. పాడినవారిలో ఇప్పుడు మిగిలినది ఇద్దరో ముగ్గురో. క్యాసెట్లు కూడా వారి దారినే పోతున్నాయి. కొన్నింటిలో పాట కన్నా గరగర ఎక్కువ.

మిత్రుడు ప్రొద్దుటూరులో స్థిరపడ్డాడు. ఇద్దరమూ పాటలను టైపు చేసి మెయిల్లో అటూ ఇటూ పంపుకుంటుంటే, ఏది కొత్త ప్రతో ఏది పాత ప్రతో తెలియని గందరగోళం మొదలైంది. బెంగుళూరులో ఉద్యోగం చేసే నా శిష్యుడొకడు ఇది చూసి, "సార్, మేము ప్రోగ్రాములు దాచుకునే పద్ధతిలో మీరూ దాచుకోండి" అని ఒక సర్వరు మీద సబ్‌వర్షన్ అనేదాన్ని ఏర్పాటు చేసి ఇచ్చాడు. దీన్ని సోర్స్ కంట్రోల్ అంటారట. ఎవరు, ఎప్పుడు, ఏ అక్షరం, ఎందుకు మార్చారో అంతా వరుస సంఖ్యలతో అందులో నిలిచి ఉంటుంది.

వాడు ఈ మాట చెబుతుంటే నాకు బ్రౌను దొర జ్ఞాపకం వచ్చాడు. 1820లో ఉద్యోగరీత్యా కడపకు వచ్చిన ఆ మనిషి, తరువాత పండితులను జీతాలిచ్చి కూర్చోబెట్టి, ఒకే గ్రంథానికి పలుచోట్లనుంచి తాళపత్ర ప్రతులు తెప్పించి, వాటిని సరిపోల్చి, పాఠభేదాలు గుర్తింపజేసి శుద్ధప్రతులు వ్రాయించాడు. 1829లో అచ్చయిన వేమన పద్యాలు ఆ శ్రమలో తొలి పంట. శిష్యుడు చెప్పింది ఆ పనే. పేరు మాత్రం వేరు. అయితే బ్రౌను పండితులు ఒకే కప్పు కింద కూర్చున్నారు. మా ఇద్దరి నడుమా ఉన్నది ఒక తీగ.

నిరుడు ఆషాఢంలో ప్రొద్దుటూరులో పిడుగు పడి మిత్రుని ఇంట్లో రౌటరు కాలిపోయింది. కేబులు కుర్రవాడు వచ్చి కొత్తది పెట్టి పోయాడు. అప్పటికి పదిహేడు పాటలు మిత్రుని వంతున ఉన్నాయి. కళ్ళలో నీటికాసులు ముదురుతున్నాయని, చూపు ఉండగానే తన వంతు ముగిస్తానని తానే అడిగి తీసుకున్నాడు. నెల గడిచింది. సర్వరులో అతని పేరిట రోజూ ఏదో ఒకటి చేరుతూనే ఉంది: ఒకచోట కామా, ఒకచోట రకారానికి బదులు శకటరేఫం, మరొకచోట పాటగత్తె ఊరి పేరు. పదిహేడు పాటల్లో మాత్రం ఒక్కటీ రాలేదు.

ఫోను చేస్తే, "పంపినా గదప్పా. మొదలు బాగానే పోతాది, ఆడ్నే నిల్చిపోతాది. మళ్ళ నెట్‌వర్క్ కనెక్షన్ క్లోజ్డ్ అంటాది" అన్నాడు.

కనెక్షనే లేకపోతే కామాలు ఎట్లా వస్తున్నాయి? తర్కం చదువుకున్న బుద్ధి అక్కడ పట్టుకుంది. కళ్ళ నొప్పికి పెద్ద పని వాయిదా వేసి, చిల్లర దిద్దుబాట్లతో పని చేస్తున్నట్టు కనిపిస్తున్నాడని నిశ్చయించుకున్నాను. అంతటితో ఊరుకున్నా బాగుండేది. "దీపం లేదు సార్, పుస్తకం మేక తినింది సార్ అనే మాటలు బడిలో చాలా విన్నానులే" అన్నాను. అవతల ఫోను పెట్టేసిన చప్పుడు. నలభై ఏళ్ళ స్నేహంలో అతను అట్లా పెట్టేయడం అదే మొదలు.

శిష్యుడికి చెప్పాను, కనెక్షన్ సంగతి మాత్రమే, తక్కిన సంగతి కాదు. వాడు మొదట వేరొక కారణం అనుకున్నాడు. ఇంటి రౌటరు తన గుండా నడిచే సంభాషణల పట్టిక ఒకటి ఉంచుకుంటుందట. కొన్ని నిమిషాలు రెండువైపులా మౌనంగా ఉంటే ఆ సంభాషణను పట్టికలోనుంచి కొట్టివేస్తుందట. అందుకని మధ్యమధ్య ఊరకనే ఒక పలకరింపు పంపే ఏర్పాటు చేశాడు. ఫలితం లేదు. సర్వరు చిట్టాలో మిత్రుడు లోపలికి వచ్చినట్టు నమోదై ఉంది. ఆ తరువాత నిశ్శబ్దం. కొన్ని నిమిషాలకు బంధం తెగినట్టు గుర్తు. సగంలో ఆగిన అప్పగింతను సబ్‌వర్షన్ స్వీకరించదు. వస్తే మొత్తం రావాలి, లేకుంటే ఏమీ రానట్టే. కనుక అతను ఎన్నిసార్లు ప్రయత్నించినా ఆ శ్రమకు మాకు కనిపించే చోట ఆనవాలు లేదు.

మాటలు లేని ఆ పదిరోజుల్లో ఒక సాయంత్రం నేను ఆ పట్టిక ముందు కూర్చున్నాను. పిడుగుకు ముందు నిండు పాటలు వచ్చాయి. పిడుగు తరువాత వచ్చినవాటిలో సీసపద్యమంత పొడుగున్నది ఒక్కటీ లేదు. మేము పద్యాలకు గణాలు లెక్కపెట్టేవాళ్ళం కదా, ఆ అలవాటు ఊరుకోనివ్వలేదు. కోయిలకుంట్ల అనేది మన లెక్కకు అయిదక్షరాలు. యూనికోడు గుడులూ కొమ్ములూ పొల్లులూ విడదీసి పదకొండుగా లెక్కిస్తుంది. ఒక్కొక్కటి మూడేసి బైట్లు, వెరసి ముప్ఫైమూడు. అదే పేరు ఇంగ్లీషులో పది బైట్లతో సరి. పంపేటప్పుడు ముడిచి పంపుతుంది కాబట్టి నా లెక్క నిక్కచ్చి కాదని తరువాత తెలిసింది. అయినా రాత్రి తొమ్మిదింటికి శిష్యుడికి ఫోను చేసి, "నాయనా, దారిలో ఎక్కడైనా మోతకు హద్దు ఉన్నదా?" అని అడిగాను.

వాడు కొంతసేపు మాట్లాడలేదు. "సార్, ఇది నాకు తట్టవలసింది" అన్నాడు.

హద్దు ఉంది. దాని పేరు ఎం.టి.యు. ఈథర్నెట్టు తీగ మీద ఒక ప్యాకెట్టులో 1500 బైట్లకు మించి పట్టవు. ఇంటినుంచి సంస్థ దాకా పోయే పి.పి.పి.ఓ.ఇ. అనే పద్ధతి అందులో 8 బైట్లు తన కోసం తీసుకుంటుంది, మిగిలేది 1492. పెద్ద ప్యాకెట్టు వస్తే "ఇది పట్టదు, తగ్గించి పంపు" అని దారిలోని యంత్రం వెనక్కి కబురు చేయాలి. ఆ కబురును ఎవరైనా భద్రత పేరిట అడ్డుకున్నారా, పంపినవాడికి ఏమీ తెలియదు. అదే బరువును మళ్ళీ మళ్ళీ పంపి అలసిపోతాడు. పలకరింపులు, పేరూ రహస్యపదమూ, కామాలు చిన్నవి కాబట్టి సాఫీగా దాటిపోతాయి. దీన్ని కృష్ణబిలం అంటారని, ఇంటర్నెట్టు ప్రమాణపత్రాల్లో 2000లోనే దీని మీద వ్రాసిపెట్టారని వాడు చెప్పాడు.

మరునాడు పొద్దున బస్సెక్కి ప్రొద్దుటూరు పోయాను. వదినమ్మ తలుపు తీసి, "ఇప్పుడు తెలిసిందా దావ?" అని లోపలికి పోయింది. బల్ల మీద క్యాసెట్ల వరుస, ఒక్కొక్కదానికి అతికించిన చీటీ, పక్కన భూతద్దం. కంప్యూటరులో పదిహేడు పాటలూ ఉన్నాయి. శ్రావణం నాటికే ముగించాడు. ఒక్కొక్కదాని అడుగున పాఠాంతరాలు కూడా వ్రాశాడు.

శిష్యుడు ఫోనులో చెబుతుంటే పింగ్ అనే ఆజ్ఞను ముక్కలు చేయవద్దనే షరతుతో నేనే కొట్టాను. 1472 పెడితే, దానికి శీర్షికల 28 కలిసి 1500 అవుతుంది, జవాబు లేదు. పట్టదని చెప్పే కబురు కూడా లేదు. 1464కు జవాబు వచ్చింది. 1465కు రాలేదు. ఒక్క బైటు తేడా! మిత్రుడు భూతద్దం పట్టుకుని తెర మీదికి వంగి చూశాడు. కంప్యూటరులో హద్దు 1492గా మార్చి, మళ్ళీ కమిట్ నొక్కమన్నాము. పచ్చగీత ఆగకుండా చివరిదాకా పోయింది. పదిహేడు పాటలూ 218వ సంఖ్యగా చేరాయి. వదినమ్మ ఉగ్గాని బజ్జీ పెట్టింది. తిన్నాము. క్షమించమనే మాట నా నోట రాలేదు.

నేను బయలుదేరుతుంటే అతను ఒక్కటే అడిగాడు. "ఆ లెక్కలో తారీకు ఈ పొద్దుదే పడుతుంది గదా? ఆ నెలంతా నేను పని చెయ్యనట్టే ఉంటాది గదా?"

అవును, అట్లాగే ఉంటుంది. సర్వరుకు తెలిసింది చేరిన రోజు మాత్రమే. శిష్యుణ్ణి అడిగితే తేదీ మార్చే ఉపాయం లేకపోలేదుగానీ, అది కొల్లగొట్టిన ఖజానాకు చిట్టా దిద్దినట్టు ఉంటుందన్నాడు. ఇంటికి వచ్చి ఆ రాత్రి ఒక చిన్న దిద్దుబాటు చేసి, దానికి తోడుగా వ్రాసే వివరణలో ఇట్లా టైపు చేశాను: "218లోని పాటలు శ్రావణంలోనే సిద్ధమైనవి. ఆలస్యం దారిది, వ్రాసినవారిది కాదు. అనుమానిచినందుకు మన్నించవలెను."

తెల్లవారి ఆరింటికి ఫోను. "అనుమానించినందుకు కాడ సున్న ఎగిరిపోయింది, చూసుకున్నావా?"

చూసుకోలేదు. దిద్దుదామని పోతే, ఒకసారి వ్రాసిన వివరణను మార్చడానికి సర్వరు ఒప్పుకోదు. శిష్యుడు ప్రత్యేకంగా గడియ తీస్తేగానీ కుదరదట. ఆ మాటే చెప్పాను.

"ఉండనీలే. రేపెవరన్నా చూస్తే పాఠాంతరం అనుకుంటారు" అని, పద్ధెనిమిదో క్యాసెట్టు రెండోవైపు గరగరలో రెండు చరణాలు తనకు అందలేదని, నా చెవులకేమైనా అందుతాయేమో వచ్చి వినమని చెప్పాడు.